స్విచ్ బ్యాక్‌ప్లేన్ నిజంగా నిండుతోందా: ఒక ప్రాజెక్టు డైరీ

పని ఎందుకు మొదలైంది

రాత్రి మొదలయ్యే బ్యాకప్ పొద్దున జనం పనిలోకి దిగే వేళకి కూడా పూర్తి కావడం లేదు. ఎనిమిది సర్వర్లు ఒక బ్యాకప్ సర్వర్‌కి డేటా ఇస్తాయి. అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్ మీద, అంటే వచ్చిన డేటాని చేరాల్సిన తీగలోకి మళ్లించే డబ్బా మీద ఉన్నాయి. దానికి 24 గిగాబిట్ పోర్టులు, పక్కన నాలుగు 10 గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ (మాడ్యూల్ గుచ్చే రకం) పోర్టులు. ఆ నాలుగింటిలో ఒకటే అప్‌లింక్‌గా, అంటే మిగతా నెట్‌వర్క్‌కి పోయే దారిగా వాడుతున్నాం, మిగతావి ఖాళీ.

స్టోరేజ్ చూసే కుర్రాడు కారణం తేల్చేశాడు.

"సార్, స్విచ్ బ్యాక్‌ప్లేన్ నిండిపోతోంది. పెద్ద కెపాసిటీది తెప్పిద్దాం."

"నిండిపోతోందని ఎక్కడ చూశావ్?"

"బ్యాకప్ సర్వర్ పోర్ట్ గ్రాఫ్ చూశాను సార్. నలభై శాతం కూడా దాటట్లేదు. పోర్ట్ ఖాళీగా ఉండి కూడా స్పీడ్ రావట్లేదంటే ఆపుతున్నది లోపల స్విచ్చే కదా?"

వాదన మరీ తీసిపారేసేది కాదు. డిస్కులు ఊరికే ఉన్నాయి, సీపీయూ ఊరికే ఉంది, పోర్ట్ నిండలేదు. ఇక మిగిలింది స్విచ్ లోపలి దారే, దాన్నే బ్యాక్‌ప్లేన్ అంటున్నాడు. కానీ డేటాషీట్‌లో స్విచింగ్ కెపాసిటీ 128 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) అని ఉంది. ఎనిమిది గిగాబిట్ సర్వర్లు కలిసి ఎంత తోసినా 8 జీబీపీఎస్ దాటదు. 128 అనేది ఉత్త మాటైతే తప్ప అది నిండే ప్రశ్నే లేదు. ఉత్త మాటో కాదో కొలిచి చూద్దామనే ఈ పని పెట్టుకున్నాను. అదే మోడల్ స్పేర్ స్విచ్ ల్యాబ్‌లో ఉంది కాబట్టి నడుస్తున్న దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

సోమవారం: కాగితం మీద లెక్క

ముందు ఈ 128 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. గిగాబిట్ పోర్టులవి 24. పది గిగాబిట్ పోర్టులవి 40. మొత్తం 64. ఫుల్ డ్యూప్లెక్స్ కాబట్టి రాకకి ఒకసారి, పోకకి ఒకసారి లెక్క కడితే 128. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఎవరో మీటర్ పెట్టి కొలిచి రాసిన అంకె కాదిది, పోర్టుల కూడిక.

ఇలా రెట్టింపు రాయడం ఇండస్ట్రీలో మామూలే గానీ అందరూ రాయరు. బ్రాడ్‌కామ్ 2014లో తెచ్చిన టోమాహాక్ చిప్‌ని 3.2 టెరాబిట్ల చిప్ అంటారు. 32 పోర్టులు, ఒక్కోటి 100 గిగాబిట్లు, ఒక వైపే లెక్క. అదే చిప్ పెట్టిన డబ్బా మీద ఇంకొకరు 6.4 టెరాబిట్లు అని రాస్తే అది కూడా అబద్ధం కాదు. అందుకే రెండు డేటాషీట్లు పక్కపక్కన పెట్టినప్పుడు నేను ముందు పోర్టులు కూడి చూసుకుంటాను. కూడిక దగ్గరే ఆగారా, రెట్టింపు చేశారా తెలిస్తేనే పోలిక.

నాకు ఇంతకంటే ఎక్కువ ఉపయోగపడే అంకె పక్క వరుసలో ఉంటుంది: ఫార్వర్డింగ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ప్యాకెట్లు. స్విచ్ చిప్‌కి అసలు శ్రమ బిట్లతో కాదు, హెడర్లతో, అంటే ప్రతి ఫ్రేమ్ (తీగ మీద పోయే డేటా ముక్క) ముందుండే చిరునామా భాగంతో. ప్రతి ఫ్రేమ్‌కీ అడ్రస్ టేబుల్ చూడాలి, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) చూడాలి, ఏ క్యూలో వేయాలో తేల్చాలి. ఫ్రేమ్ 64 బైట్లదైనా 1518 బైట్లదైనా ఆ పని ఒకటే. కాబట్టి చిన్న ఫ్రేములు వరుసగా వస్తేనే చిప్ సత్తా బయటపడుతుంది.

ఈథర్నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు. దాని ముందు ప్రీయాంబుల్ 8 బైట్లు, తర్వాత తప్పనిసరి ఖాళీ 12 బైట్లు. తీగ మీద మొత్తం 84 బైట్లు, అంటే 672 బిట్లు. ఒక గిగాబిట్‌ని 672తో భాగిస్తే సెకనుకు 14,88,095 ఫ్రేములు. ఈ అంకె గుర్తుండిపోతే చాలా పనులు సులువవుతాయి. పది గిగాబిట్‌కి 1,48,80,952. మన స్విచ్‌కి 64 గిగాబిట్లు కాబట్టి దాదాపు 9.52 కోట్లు, డేటాషీట్ భాషలో 95.2 ఎంపీపీఎస్ (సెకనుకు పది లక్షల ప్యాకెట్లు). తీసి చూస్తే అక్కడా అదే ఉంది. రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసిగాయి.

పొసగకపోతే ఏమవుతుందో కూడా లెక్క కట్టి పెట్టుకున్నాను. ఇవే పోర్టులున్న స్విచ్‌కి 128 జీబీపీఎస్ అని రాసి, ఫార్వర్డింగ్ రేట్ మాత్రం 65 ఎంపీపీఎస్ అన్నారనుకుందాం. 64 గిగాబిట్లని 6.5 కోట్లతో భాగిస్తే ఫ్రేమ్‌కి సుమారు 985 బిట్లు, అంటే 123 బైట్లు. ప్రీయాంబుల్, ఖాళీ కలిపి 20 బైట్లు తీసేస్తే 103. ఫ్రేములు అంతకంటే చిన్నవైతే అన్ని పోర్టులూ ఒకేసారి లైన్ రేట్‌లో, అంటే తీగ పట్టినంత వేగంలో నడవవు. ఫైల్ కాపీలకి దీంతో ఇబ్బంది లేదు. కానీ ఉత్త టీసీపీ ఏసీకే (డేటా అందిందని చెప్పే జవాబు) తీసుకుంటే టైమ్‌స్టాంప్‌తో కలిపినా 70 బైట్లే, డీఎన్ఎస్ ప్రశ్నలూ చిన్నవే. అలాంటి ట్రాఫిక్ మోసే చోట 128 అనే అంకె చూసి మురిసిపోతే లాభం లేదు.

బుధవారం: మూత తీసి చూస్తే

స్పేర్ స్విచ్ మూత తీశాను. ఒకే బోర్డు. మధ్యలో పెద్ద హీట్‌సింక్, దాని కింద స్విచ్ చిప్. పోర్టుల వరుస వెనకాల ఎనిమిదేసి పోర్టులకి ఒకటి చొప్పున మూడు ఫిజికల్ లేయర్ చిప్స్. ఓ పక్క పవర్ సప్లై. ఇంత చిన్న డబ్బాలో కార్డులు గుచ్చే బ్యాక్‌ప్లేన్ అంటూ ఏమీ ఉండదు. డేటాషీట్‌లో బ్యాక్‌ప్లేన్ అని రాసినా ఇక్కడ దాని అర్థం ఆ ఒక్క చిప్ లోపలి దారే.

ఈ తరహా చిప్స్‌లో ఎక్కువ భాగం షేర్డ్ మెమరీ పద్ధతిలో పనిచేస్తాయి. వచ్చిన ప్రతి ఫ్రేమూ ఒక ఉమ్మడి మెమరీలో పడుతుంది, పోవాల్సిన పోర్ట్ ఖాళీ అయ్యాక అక్కడి నుంచి చదివి పంపిస్తారు. ఒకసారి రాయాలి, ఒకసారి చదవాలి. అన్ని పోర్టులూ నిండుగా ఉంటే రాయడానికి 64, చదవడానికి 64. అంటే మెమరీకి నిజంగానే 128 గిగాబిట్ల వేగం కావాలి. రెట్టింపు అంకెకి భౌతికంగా ఏదైనా అర్థం ఉందంటే ఇక్కడే.

ఆ మెమరీ సైజు 1.5 మెగాబైట్లు అని డేటాషీట్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. పక్కన రాసి పెట్టుకున్నాను. తర్వాత ఇదే అక్కరకొచ్చింది.

గురువారం, శుక్రవారం: పాము కట్టడం

24 పోర్టులనీ ఒకేసారి లైన్ రేట్‌లో నడపాలంటే 24 పోర్టుల టెస్టర్ కావాలి. నా దగ్గరున్నది ఒక లైనక్స్ సర్వర్, అందులో నాలుగు పోర్టుల గిగాబిట్ కార్డు ఒకటి, రెండు పోర్టుల 10 గిగాబిట్ కార్డు ఒకటి, ట్రాఫిక్ పుట్టించడానికి టీరెక్స్. ఇలాంటప్పుడు నెట్‌వర్క్ వాళ్లు చేసే పని స్నేక్ టెస్ట్. టెస్టర్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌ని స్విచ్‌లోనే పాములా అన్ని పోర్టుల గుండా తిప్పి, చివరికి టెస్టర్ రెండో పోర్ట్‌కి చేర్చడం.

కట్టే పద్ధతి ఇది. రెండేసి పోర్టులకి ఒక వీల్యాన్ ఇస్తాం. ఒక పోర్ట్‌లో దూరిన ఫ్రేమ్ దాని జోడీ పోర్ట్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ బయటికి రాలేదు. ఆ జోడీ పోర్ట్ నుంచి ప్యాచ్ కేబుల్ తెచ్చి తర్వాతి వీల్యాన్ మొదటి పోర్ట్‌లో గుచ్చుతాం. 24 పోర్టులకి 12 వీల్యాన్లు, 11 ప్యాచ్ కేబుళ్లు. రెండు వైపుల నుంచీ లైన్ రేట్‌లో పంపితే ప్రతి పోర్టూ రాకపోకలు రెండింటితో నిండుతుంది.

జోడీలు ఎలా కడతామన్నదే ఇందులో కీలకం. అందరూ 1–2, 3–4 అని పక్కపక్క పోర్టులు కట్టేస్తారు, కేబుళ్లు పొట్టివి సరిపోతాయి కాబట్టి. కానీ అప్పుడు ఫ్రేమ్ ఎప్పుడూ ఎనిమిది పోర్టుల గుంపు లోపలే తిరుగుతుంది. గుంపుల మధ్య దారి ఇరుగ్గా ఉన్నా బయటపడదు, టెస్ట్ మాత్రం బ్రహ్మాండంగా పాసవుతుంది. ఒకే చిప్ స్విచ్‌లో ఆ తేడా రాకపోవచ్చు, కొలవకుండా ఒప్పుకోవడం ఎందుకు? అందుకని 1కి 13, 2కి 14, ఇలా 12కి 24 జోడీ కట్టాను. కేబుల్ 13 నుంచి 2కి, 14 నుంచి 3కి. ఏ జోడీ తీసుకున్నా రెండు పోర్టులూ వేర్వేరు గుంపుల్లో పడతాయి.

మొదలుపెట్టే ముందు స్పానింగ్ ట్రీ (లూప్ పట్టుకునే ఏర్పాటు) ఆపేయాలి. లేకపోతే స్విచ్ దాని కోసం పంపే సందేశం, అంటే బీపీడీయూ, తనకే తిరిగొచ్చిందని చూసి లూప్ అనుకుని పోర్టులు మూసేస్తుంది. లూప్ ప్రొటెక్షన్ లాంటివి ఉంటే అవీ ఆపాలి. ఇంకొకటి, మ్యాక్ అడ్రస్‌లు (పరికరాల హార్డ్‌వేర్ చిరునామాలు) వీల్యాన్‌కి విడివిడిగా నేర్చుకునే స్విచ్ అయి ఉండాలి. అన్ని వీల్యాన్లకీ ఒకే టేబుల్ వాడే పాత రకమైతే ఒకే అడ్రస్ ఇప్పుడు 1లో, మరుక్షణం 2లో, ఆ తర్వాత 3లో కనిపించి టేబుల్ పిచ్చెక్కిపోతుంది. మనది విడివిడిగా నేర్చుకునేదే.

ఫ్రేమ్ సైజులు నెట్‌వర్క్ పరికరాల పరీక్షల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2544లో చెప్పినవే తీసుకున్నాను: 64, 128, 256, 512, 1024, 1280, 1518. అది 1999 నాటి పత్రమైనా ఇప్పటికీ అందరి టెస్టుల్లో ఇవే సైజులు. 64 బైట్ల దగ్గర రెండు వైపులా 99.9 శాతం లోడ్‌తో వదిలి, భోజనానికి వెళ్లి వచ్చాను. నష్టం సున్నా. చిప్ సెకనుకు మూడున్నర కోట్ల ఫ్రేములు మోస్తోంది, ఒక్కటీ పారేయలేదు. మిగతా సైజుల్లోనూ అంతే. 1518 బైట్ల దగ్గర చివరిదాకా చేరడానికి 146 మైక్రోసెకన్ల పైనే పట్టింది. ఫ్రేమ్ మొత్తం లోపలికి వచ్చాకే ఈ స్విచ్ బయటికి పంపుతుంది. గిగాబిట్ తీగ మీద 1518 బైట్లు దిగడానికి 12 మైక్రోసెకన్లు, పన్నెండు సార్లు. ఆ ఆలస్యం స్విచ్ బలహీనత కాదు.

24 పోర్టుల మేరకు డేటాషీట్ చెప్పింది నిజమే.

శనివారం: పది గిగాబిట్ పోర్టుల్లో వింత నష్టం

నాలుగు పది గిగాబిట్ పోర్టులకి ఇంకో చిన్న పాము కట్టాను, రెండు వీల్యాన్లు, మధ్యలో ఒక డీఏసీ (పొట్టి రాగి) కేబుల్. ఈసారి 99.9 కాదు, పూర్తి 100 శాతం లోడ్ పెట్టాను. 64 బైట్ల దగ్గర సెకనుకు కొన్ని వందల ఫ్రేములు పోతున్నాయి. సెకనుకి కోటిన్నర వెళ్తుంటే వందలు పోవడం చిన్న సంగతే, కానీ ఆగకుండా పోతూనే ఉన్నాయి.

చిప్ సత్తా చాలక పోతుంటే పెద్ద ఫ్రేములతో నష్టం మాయమవ్వాలి, హెడర్ల పని తగ్గుతుంది కాబట్టి. 1518 బైట్లు పెట్టి చూశాను. నష్టపోయే ఫ్రేముల సంఖ్య తగ్గింది గానీ మొత్తంలో వాటి వాటా మారలేదు. చిన్న ఫ్రేములైనా పెద్ద ఫ్రేములైనా పది లక్షల్లో అన్నే పోతున్నాయి. అంటే ఇది ఫ్యాబ్రిక్ (పోర్టుల మధ్య స్విచ్ లోపలి దారి) సమస్య కాదు, గడియారాల సమస్య.

ఈథర్నెట్ ప్రమాణం ప్రకారం ప్రతి పరికరం క్రిస్టల్ గడియారమూ అసలు వేగానికి పది లక్షలకి 100 అటూ ఇటూ ఉండొచ్చు. టెస్టర్ గడియారం అటు కొసన, స్విచ్ గడియారం ఇటు కొసన ఉంటే తేడా 200 దాకా వస్తుంది. టెస్టర్ తన లెక్కలో సరిగ్గా 100 శాతం పంపుతుంది, స్విచ్ తన లెక్కలో సరిగ్గా 100 శాతమే బయటికి తోయగలదు. ఆ కాస్త తేడా బఫర్‌లో, అంటే ఆ ఉమ్మడి మెమరీలో పేరుకుని, బఫర్ నిండాక కారిపోతుంది. 64 బైట్ల దగ్గర ఈ లెక్కన అత్యధికంగా సెకనుకు 2,976 ఫ్రేములు పోవచ్చు, మనకి పోతున్నవి అందులో కొంతే. పాము లోపలి మలుపుల్లో ఈ నష్టం ఉండదు, అక్కడ రెండు కొసలూ ఒకే స్విచ్ గడియారం మీద నడుస్తాయి. కౌంటర్లు చూస్తే నిజంగానే డ్రాప్స్ అన్నీ టెస్టర్ నుంచి ఫ్రేములు దూరిన మొదటి జోడీలోనే ఉన్నాయి.

లోడ్ 99.9కి దించాను. సున్నా. నూరు శాతం లోడ్‌లో సున్నా నష్టం రాలేదని స్విచ్‌ని తిట్టేవాళ్లు ముందు ఈ పరీక్ష చేసుకుంటే మంచిది.

తర్వాతి సోమవారం: రద్దీ పెడితే

పాము టెస్ట్‌లో ఒక లోటు ఉంది. ప్రతి పోర్ట్‌కీ వచ్చేది ఒకే పోర్ట్ నుంచి. ఎక్కడా ఇద్దరు ఒకే గుమ్మం దగ్గర గుమిగూడరు. నిజం నెట్‌వర్క్‌లో జరిగేదే గుమిగూడటం. ఫ్యాబ్రిక్ మంచిదా కాదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

దీనికి ఆర్‌ఎఫ్‌సీ 2889లో చక్కటి పరీక్ష ఉంది. నాలుగు పోర్టులు చాలు. 1వ పోర్ట్ తన ట్రాఫిక్‌లో సగం 3కి, సగం 4కి పంపుతుంది. 2వ పోర్ట్ మొత్తం 4కే పంపుతుంది. 4 మీద 150 శాతం పడుతుంది కాబట్టి అక్కడ డ్రాప్స్ తప్పవు. చూడాల్సింది 3ని. దానికి వచ్చేది సగమే, ఒక్క ఫ్రేమ్ కూడా పోకూడదు. పోయిందంటే 4కి పోవాల్సిన ఫ్రేములు వరుసలో ముందు నిలబడి, వెనకున్న 3వ పోర్ట్ ఫ్రేములని ఆపేస్తున్నట్టు. దీన్నే హెడ్ ఆఫ్ లైన్ బ్లాకింగ్ అంటారు.

ఇది చిన్న జబ్బు కాదు. లోపలికొచ్చే పోర్ట్ దగ్గర ఒకే ఒక్క వరుస పెట్టే స్విచ్, పోర్టులు ఎక్కువయ్యే కొద్దీ, యాదృచ్ఛిక ట్రాఫిక్ కింద 58.6 శాతం దగ్గరే ఆగిపోతుందని కారోల్, లూకిజ్, మోర్గాన్ 1987లోనే లెక్క తేల్చారు. బయట ఎంత బ్యాక్‌ప్లేన్ అంకె రాసుకున్నా అంతే. అందుకే తర్వాత వచ్చిన పెద్ద స్విచ్‌లు బయటికి పోయే ఒక్కో పోర్ట్‌కీ విడి వరుస పెట్టుకుంటాయి.

మన స్విచ్‌ మీద 3వ పోర్ట్‌కి నష్టం లేదు. రావాల్సిన 500 మెగాబిట్లు నిలకడగా వచ్చాయి. షేర్డ్ మెమరీకి ఇది సహజమే, క్యూలు పోయే పోర్ట్ వారీగానే ఉంటాయి.

ఇక్కడే ఆపేయకుండా ఫ్లో కంట్రోల్ (నిండితే పంపేవాళ్లని కాసేపు ఆగమనే ఏర్పాటు) ఆన్ చేసి మళ్లీ నడిపాను. నడుస్తున్న స్విచ్‌లో ఎవరో ఎప్పుడో దాన్ని ఆన్ చేసి పెట్టారు, ల్యాబ్‌లో మాత్రం ఆఫ్‌లో ఉంది. 4వ పోర్ట్ నిండుతుండగానే స్విచ్ 1కీ 2కీ పాజ్ ఫ్రేములు పంపడం మొదలెట్టింది. డ్రాప్స్ ఆగిపోయాయి, కౌంటర్లన్నీ పచ్చగా కనిపిస్తున్నాయి. కానీ 3వ పోర్ట్ 500 నుంచి 330 చుట్టుపక్కలకి పడిపోయింది. పాజ్ ఫ్రేమ్‌కి 3 అని 4 అని తేడా తెలియదు, మొత్తం లింక్‌ని ఆపేస్తుంది. 150 శాతాన్ని 100కి దించడానికి ఇద్దరినీ సమానంగా ఆపితే అందరికీ మూడింట రెండొంతులే మిగులుతుంది. 500లో మూడింట రెండొంతులు 333. సరిగ్గా అదే.

అంటే ఫ్యాబ్రిక్‌లో లేని జబ్బుని ఫ్లో కంట్రోల్ తెచ్చిపెట్టింది. పైగా డ్రాప్ కౌంటర్ సున్నా చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్యాకప్‌తో సంబంధం లేని ట్రాఫిక్ కూడా రాత్రిళ్లు మందగిస్తోందని వచ్చిన ఫిర్యాదులు అప్పుడు గుర్తొచ్చాయి.

మంగళవారం: పాత చాసిస్

ప్రాజెక్టుకి సూటిగా అక్కర్లేదు గానీ, ల్యాబ్ మూలన ఉన్న పాత చాసిస్ స్విచ్‌ని (కార్డులు గుచ్చే పెద్ద డబ్బా) చూడకుండా ఉండలేకపోయాను. ఇందులో నిజమైన బ్యాక్‌ప్లేన్ ఉంది. కార్డు లాగి టార్చ్ వేసి చూస్తే వెనక గోడలా నిలబడ్డ బోర్డు, దాని నిండా పిన్నుల వరుసలు. దాని మీద చిప్స్ ఉండవు, తీగల దారులే. అసలు స్విచింగ్ చేసే ఫ్యాబ్రిక్ సూపర్‌వైజర్ (డబ్బా మొత్తాన్నీ నడిపించే) కార్డు మీద ఉంటుంది.

చాసిస్ కథ ఎలా మారుతూ వచ్చిందో సిస్కో క్యాటలిస్ట్ 6500 ఒక్కదానిలో చూడొచ్చు. 1999లో వచ్చినప్పుడు అన్ని కార్డులూ పంచుకునే ఉమ్మడి బస్. 256 బిట్ల వెడల్పు, 62.5 మెగాహెర్ట్జ్, గుణిస్తే 16 జీబీపీఎస్. పేరు మాత్రం 32 జీబీపీఎస్ బస్. తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ 720లో బస్‌కి తోడు క్రాస్‌బార్, అంటే కార్డులకి విడివిడి దారులు: 18 ఛానెళ్లు, ఒక్కోటి 20, రెండు వైపులా కలిపి 720. పేరులోని అంకె అదే.

మన మూలనున్న దానికి కూడా ఫ్యాబ్రిక్ వందల గిగాబిట్లలోనే ఉంది. 48 పోర్టుల గిగాబిట్ కార్డు మీద టెస్ట్ పెట్టాను, అవతల వేరే కార్డులో దూరదూరపు పోర్టుల్లో అందుకునేలా. 1వ పోర్ట్ ఒక్కటే నడిపితే నిండు గిగాబిట్. 1, 9 కలిపి నడిపితే రెండూ నిండు గిగాబిట్. 1, 2 కలిపి నడిపితే ఒక్కోటి సగమే. తొమ్మిదితో రాని గొడవ పక్కనున్న రెండుతో వచ్చింది. కార్డు పత్రాలు తిరగేస్తే విషయం ఉంది: ఎనిమిది పోర్టులకి కలిపి ఫ్యాబ్రిక్ వైపు ఒకే గిగాబిట్ దారి. 48 పోర్టుల కార్డు నుంచి మొత్తం బయటికి వచ్చేది 6 గిగాబిట్లు. బ్యాక్‌ప్లేన్ ఎన్ని వందల గిగాబిట్లదైతే ఈ కార్డుకి ఏం ఒరిగింది?

ఇలాంటి కార్డు చెడ్డదని కాదు. ఉద్యోగుల డెస్క్‌టాప్‌లకి ఎనిమిదికి ఒకటి దండిగా సరిపోతుంది. సర్వర్లు గుచ్చితేనే తంటా. గుచ్చక తప్పకపోతే 1, 9, 17, 25, 33, 41 పోర్టుల్లో గుచ్చుకుని మిగతావి ఖాళీగా వదిలేయాలి.

గురువారం: అసలు జబ్బు దగ్గరికి

ఇంతవరకు తేలింది: 128 ఉత్త మాట కాదు, ఫ్యాబ్రిక్ ఎక్కడా ఆపడం లేదు. మరి పోర్ట్ నలభై శాతమే ఉండగా బ్యాకప్ ఎందుకు కుంటుతోంది?

ఆ నలభై శాతం ఎలా వచ్చిందో అడిగాను. మానిటరింగ్ ఐదు నిమిషాలకోసారి కౌంటర్ చదివి సగటు తీస్తోంది. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. చిప్ మెమరీ 1.5 మెగాబైట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పని తీరు కూడా కనుక్కున్నాను. ఎనిమిది సర్వర్లనీ ఒకేసారి ఒక్కో ముక్క అడుగుతుంది, అందరి ముక్కలూ అందాకే తర్వాతి విడత అడుగుతుంది. అడిగిన మరుక్షణం ఎనిమిది గిగాబిట్ పోర్టుల నుంచి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బయటికి పోయేది ఒక గిగాబిట్. మిగిలిన 7 గిగాబిట్లు, అంటే సెకనుకు 875 మెగాబైట్లు, బఫర్‌లో చేరాలి. 1.5 మెగాబైట్లు నిండటానికి 1.7 మిల్లీసెకన్లు చాలు. మొత్తం మెమరీ ఒకే పోర్ట్‌కి ఇవ్వరు కాబట్టి అంతకంటే ముందే నిండుతుంది. చెరువు ఎంత పెద్దదైనా తూములోంచి తూము పట్టినన్ని నీళ్లే పోతాయి. ఇక్కడ చెరువు కూడా చిన్నదే.

ఫ్లో కంట్రోల్ ఆఫ్ చేసి ల్యాబ్‌లో ఇదే పరిస్థితి పుట్టించాను, చేతిలో ఉన్న నాలుగు పాత మెషీన్లతో. నలుగురు ఒకరికి పంపడమే అయినా కథ అదే. ప్రతి సెకనూ కౌంటర్ చదివితే కొన్ని సెకన్లు నిండు గిగాబిట్, పక్క సెకను సగం, ఇంకోసారి పాతిక శాతం. అవుట్ డిస్కార్డ్స్ (బయటికి పంపలేక పారేసిన ఫ్రేములు) గుంపులు గుంపులుగా పెరుగుతున్నాయి. ప్యాకెట్ క్యాప్చర్ తీసి చూస్తే ఒక మెషీన్ పంపిన ముక్కలో చివరి ప్యాకెట్లు పోయాయి. వాటి తర్వాత ఇంకేమీ రాదు కాబట్టి అవతలివాడు డూప్లికేట్ ఏసీకేలు పంపి హెచ్చరించలేడు. టైమర్ అయ్యేదాకా ఆగాలి. లైనక్స్‌లో ఆ టైమర్ కనీసం 200 మిల్లీసెకన్లు. ఆ సేపు మిగతా ముగ్గురూ పని ముగించి చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అందరికోసం ఆగుతుంది. తీగ ఖాళీ. దీన్నే టీసీపీ ఇన్‌కాస్ట్ అంటారు.

రెండు మిల్లీసెకన్ల తొక్కిసలాట, 200 మిల్లీసెకన్ల మౌనం. నిండుగా నడిచిన సెకన్లతో కలిపి ఐదు నిమిషాల సగటు తీస్తే ఇది నలభై శాతంగా కనిపిస్తుంది. నడుస్తున్న స్విచ్‌లో ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంది కాబట్టి అక్కడ డ్రాప్స్ కొన్నే, బదులుగా అందరి లింకులూ ఆగి ఆగి నడుస్తున్నాయి. పాజ్ కౌంటర్ చూడమని కుర్రాడికి చెప్పాను. చూసి వచ్చి, "సార్, ఆ అంకె స్క్రీన్‌లో పట్టట్లేదు" అన్నాడు.

శుక్రవారం రాత్రి: మార్పు

బ్యాకప్ సర్వర్‌కి రెండు పోర్టుల 10 గిగాబిట్ కార్డు పెట్టి, అందులో ఒకదాన్ని అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్ట్‌లోకి మార్చాం. ఎనిమిది మంది కలిసి తోసినా 8, బయటికి పోయే దారి 10. బఫర్‌లో నిలబడాల్సిన అవసరమే లేదు. తర్వాత పోర్టులన్నింటిలో ఫ్లో కంట్రోల్ తీసేశాం. మానిటరింగ్‌లో ఆ పోర్ట్‌కి డిస్కార్డ్ కౌంటర్, పాజ్ కౌంటర్ కూడా చేర్చాం. శాతం గ్రాఫ్ ఒక్కటే చూస్తే మళ్లీ ఇదే వాదన మొదలవుతుంది.

బ్యాకప్ అర్ధరాత్రి దాటాక కాసేపటికే ముగిసింది. డిస్కార్డ్స్ సున్నా. ఒక్కో సర్వర్ నుంచి టీసీపీ వేగం 941 మెగాబిట్ల దగ్గర నిలబడింది. గిగాబిట్ ఈథర్నెట్‌లో టైమ్‌స్టాంప్‌లతో టీసీపీకి దక్కే గరిష్ఠం అదే. తీగ మీద 1538 బైట్లు పోతే అందులో అసలు డేటా 1448.

సోమవారం: రీస్టోర్ దిశ

బ్యాకప్ బాగుపడిందని వదిలేస్తే రీస్టోర్ రోజున టెన్షన్ పడాల్సి వస్తుంది. ఆ దిశలో 10 గిగాబిట్ సర్వర్ నుంచి 1 గిగాబిట్ సర్వర్‌కి పోతుంది. నెట్‌వర్క్ కార్డు 64 కిలోబైట్ల ముక్కని ఒకే దమ్ములో వదిలేస్తే 52 మైక్రోసెకన్లలో స్విచ్‌లోకి దిగుతుంది, గిగాబిట్ పోర్ట్ నుంచి బయటపడటానికి 524 మైక్రోసెకన్లు పడుతుంది. సుమారు 59 కిలోబైట్లు బఫర్‌లో నిలబడాలి. ఒక సర్వర్‌కి ఒక ఫ్లో (ఒక టీసీపీ కనెక్షన్) అయితే హాయిగా పడుతుంది. అదే సర్వర్‌కి ఇరవై ఫ్లోలు ఒకేసారి తెరిస్తే 1.5 మెగాబైట్ల మీద భారం పడుతుంది.

పెట్టి చూశాను. నాలుగు ఫ్లోల దాకా డ్రాప్స్ లేవు. పదహారుకి డిస్కార్డ్స్ కదిలాయి, అయినా మొత్తం వేగం 900 కిందికి రాలేదు. ఇక్కడ ఎవరూ ఎవరికోసం ఆగరు కాబట్టి ఒక ఫ్లో టైమర్‌లో పడితే పక్కది ఆ ఖాళీ వాడుకుంటుంది. రీస్టోర్ సెట్టింగ్‌లో సర్వర్‌కి సమాంతర ఫ్లోలు నాలుగుకి పరిమితం చేసి, ఆ విలువ రన్‌బుక్‌లో, అంటే పని సూచనల పుస్తకంలో రాయించాను. కొత్త స్విచ్ కొనుగోలు ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాం. తర్వాతి పని అప్‌లింక్. 24 పోర్టుల వెనక ఒక్క 10 గిగాబిట్ లింక్ ఉంది, అంటే 2.4కి 1. దాని డిస్కార్డ్ కౌంటర్ ఈ వారం నుంచి ప్రతి పది సెకన్లకీ రికార్డవుతోంది.